సీసపు నాణెం మీద సింహం: గుంటుపల్లి సద రాజుల కథ

సుమారు 2200 ఏళ్ల కిందట అఫ్గానిస్తాన్ ప్రాంతాన్ని ఒక గ్రీకు రాజు ఏలాడు. ఆయన నాణేలు దొరక్కపోయి ఉంటే, నూజివీడు మామిడి తోటలకు ఈశాన్యాన ఉన్న గుంటుపల్లి కొండ మీది రాతలు చదవడం ఇంకా ఎంత ఆలస్యమయ్యేదో! ఆ రాజు పేరు అగాథోక్లీస్. గ్రీకు చరిత్రకారులెవరూ ఆయన ఊసెత్తలేదు. లాటిన్ గ్రంథాల్లో లేడు, మన పురాణాల్లోనూ లేడు. అలాంటి మనిషి ఒకడు రాజ్యం చేసి పోయాడని చెప్పే సాక్ష్యం నాణేలు మాత్రమే.

ఆ నాణేల్లో కొన్నిటికి ఒకవైపు గ్రీకు అక్షరాలు, రెండోవైపు బ్రాహ్మీ అక్షరాలు ఉంటాయి. 1830ల మొదట్లో బ్రాహ్మీ లిపి చదవగలిగినవాళ్లు లోకంలో ఒక్కరూ లేరు. అశోకుడి స్తంభాలు, సాంచి రాళ్లు కళ్లెదుటే ఉన్నా వాటి మీద ఏముందో ఎవరికీ తెలియదు. 1836లో జర్మనీలోని బాన్ నగరంలో పనిచేస్తున్న క్రిస్టియన్ లాసెన్ అనే పండితుడు అగాథోక్లీస్ నాణేన్ని ముందు పెట్టుకున్నాడు. గ్రీకులో ఉన్న రాజు పేరే రెండోవైపు కూడా ఉండాలి కదా అని లెక్క వేసి, బ్రాహ్మీ అక్షరాలను ఒక్కొక్కటిగా విడదీశాడు. మరుసటి ఏడాది కలకత్తా టంకశాలలో లోహాల నాణ్యత తేల్చే అధికారి జేమ్స్ ప్రిన్సెప్ సాంచి స్తూపం మీది చిన్న చిన్న రాతలను పరిశీలించాడు. చాలా రాతల చివర ఒకే మాట కనిపిస్తోంది. అది ‘దానం’ అయి ఉండాలని గుర్తుపట్టి, మిగతా అక్షరమాలను పూర్తి చేశాడు. ఆ తాళంచెవితో దేశమంతటా రాళ్లు తెరుచుకున్నాయి. గుంటుపల్లి రాయి కూడా అందులో ఒకటి.

గుంటుపల్లి కామవరపుకోట మండలంలో, జీలకర్రగూడెం పక్కన ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది కాబట్టి ఇప్పుడు రెండు ఊళ్లదీ ఒకే జిల్లా. రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ పండే ఎర్రనేలలు దాటి చింతలపూడి వైపు సాగితే కొండలు మొదలవుతాయి. ఆ కొండల్లో బౌద్ధ భిక్షువులు తొలిపించుకున్న గుహలున్నాయి. గుండ్రటి చైత్యగృహం ఒకటి ఉంది. దాని లోకప్పు చూడండి: పూరిల్లు కప్పేటప్పుడు కర్ర వాసాలు ఎలా వేస్తారో అచ్చంగా అలాగే రాతిలో వాసాలు చెక్కారు. కర్రతో ఇళ్లు కట్టే చేతులు మొదటిసారి రాయిని పట్టుకున్న కాలం అది. బీహారులోని బరాబర్ కొండల్లో మౌర్యుల నాటి లోమశ ఋషి గుహ ముఖద్వారంలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. కొండ మీద ఇటుక కట్టడాలు, మండపపు శిథిలాలు, డజన్ల కొద్దీ రాతి స్తూపాలు ఉన్నాయి.

ఆ మండపాన్ని కట్టించినవాడు రాజు కాదు. రాజుగారి దగ్గర రాతకోతలు చూసుకునే ఉద్యోగి. పేరు చులగోముడు. కొండ మీద మండపం కట్టించి, స్తంభాల మీద ఆ సంగతి చెక్కించాడు. మహారాజు, కళింగ మహిషకాధిపతి, మహామేఘవాహనుడు అయిన సిరిసద గారి లేఖకుడు చులగోముడు ఇచ్చిన మండప దానం ఇది అని దాని సారాంశం. ప్రిన్సెప్‌కు సాంచిలో దారి చూపిన ‘దానం’ మాటతోనే ఈ రాత కూడా ముగుస్తుంది.

ఈ సిరిసద ఎవరు? పాఠ్యపుస్తకాల్లో ఆంధ్రదేశ చరిత్ర అశోకుడి దగ్గర ఒకసారి ఆగి, నేరుగా శాతవాహనుల దగ్గరికి వెళ్తుంది. మధ్యలో కృష్ణా గోదావరుల నడుమ ఎవరూ లేనట్టు, ఈ నేల శాతవాహనుల రాక కోసం ఎదురుచూస్తూ కూర్చున్నట్టు ఉంటుంది ఆ చెప్పే తీరు. అది నిజం కాదు. భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతుపేటికల మీద కుబేరకుడనే రాజు పేరుంది. ఆయన పేరును ఇప్పటిదాకా నిలిపింది ఆ పేటికలే. ఆ తర్వాత తీరాంధ్రలో పేరు చివర ‘సద’ అని పెట్టుకున్న రాజుల వరుస ఒకటి నడిచింది. క్రీస్తుకు కాస్త ముందూ వెనకగా, శాతవాహన పులోమావి ఈ తీరాన్ని గట్టిగా పట్టుకోకముందు వీళ్లు ఏలారని చరిత్రకారుల అంచనా. అంతటి రాజవంశం చరిత్ర మొత్తం మనకు ఈనాడు నాలుగైదు రాతల మీద, చేతిలో ఇమిడే సీసపు బిళ్లల మీద నిలబడి ఉంది.

అసలు గుంటుపల్లి శాసనంలో సద పేరును మొదట ఎవరూ గుర్తించలేదు. 1968లో పురావస్తు పండితుడు ఆర్.సుబ్రహ్మణ్యం దీన్ని ప్రచురించినప్పుడు, ఇది కళింగ చక్రవర్తి ఖారవేలుడి శాసనమని భావించారు. అలా అనుకోవడానికి బలమైన కారణమే ఉంది. భువనేశ్వర్ దగ్గర ఉదయగిరి కొండ మీది హాథీగుంఫా శాసనంలో ఖారవేలుడు తనను ‘ఐర’ అనీ, ‘మహామేఘవాహన’ అనీ చెప్పుకున్నాడు. గుంటుపల్లి రాతలో మహామేఘవాహనుడూ ఉన్నాడు, కళింగమూ ఉంది. ఇక పేరు ఖారవేలుడిదే అయి ఉండాలని కన్ను ముందే తీర్మానించుకుంది. దినేశ్‌చంద్ర సర్కార్ వంటి శాసనవేత్తలు మళ్లీ అక్షరం అక్షరం పరీక్షించి, అక్కడున్నది ‘సిరిసద’ అని సరిదిద్దారు.

ఇలాంటిదే హాథీగుంఫాలోనూ జరిగింది. అందులో ఒక యవన రాజు ప్రస్తావన ఉన్నట్టు కాశీప్రసాద్ జయస్వాల్ చదివారు. ఆ పేరు ‘డిమిత’ అనీ, అంటే బాక్ట్రియా రాజు డిమిట్రియస్ అనీ అన్నారు. ఆ చదువు మీద పుస్తకాలకు పుస్తకాలు వచ్చాయి. కానీ అక్కడి రాయి బాగా అరిగిపోయింది. ఆ చదువు నిలవదని చాలామంది పండితులు ఇప్పుడు అంటున్నారు. రెండుచోట్లా కథ ఒకటే. అరిగిన రాతి ముందు నిలబడినవాళ్లకు తమకు అప్పటికే తెలిసిన గొప్ప పేరు కనిపించింది. ఎంతటి విద్వాంసులకైనా ఇది తప్పదు. తెలియని పేరును తెలియని పేరుగానే చదవాలంటే దాన్ని బలపరిచే రెండో సాక్షి కావాలి. సద రాజుల విషయంలో ఆ రెండో సాక్షి నాణెం.

ఇక నాణేల దగ్గరికి వద్దాం. ఇవి ఎక్కువగా సీసంతో చేసినవి. ఒకవైపు నిలబడిన సింహం, చుట్టూ బ్రాహ్మీ అక్షరాలు. బంగారు తళుకు, వెండి మెరుపు ఏమీ లేవు. నేలలో ఉండి ఉండి పైన తెల్లటి పొర కట్టి, మొదటిచూపుకు మట్టిబెడ్డలా ఉంటాయి. కృష్ణా గోదావరి జిల్లాల్లో ఇలాంటి సీసపు నాణేలు పందొమ్మిదో శతాబ్దం నుంచీ బయటపడుతూనే ఉన్నాయి. పాతకాలపు ఊరి దిబ్బలను ఈ ప్రాంతంలో పాటిదిబ్బలంటారు. ఆ పాటిమన్ను పొలానికి బలమని రైతులు బండ్లకెత్తి తోలుకునేవారు. మన్నుతోపాటే నాణేలూ, పూసలూ, కుండపెంకులూ పొలాల్లో చేరేవి. 1845లో అమరావతి స్తూపాన్ని తవ్వించిన సర్ వాల్టర్ ఇలియట్ ఈ నాణేలనూ శ్రద్ధగా సేకరించాడు. జీవిత చరమాంకంలో, చూపు పోయిన దశలో కూడా దక్షిణ భారత నాణేల మీద పుస్తకం పూర్తి చేసిన మనిషి ఆయన.

1908లో బ్రిటిష్ మ్యూజియం ఆంధ్ర రాజుల నాణేల పట్టికను ప్రచురించింది. తయారుచేసింది ఇ.జె.రాప్సన్. ఇప్పటికీ ఈ రంగంలో మొదట తెరిచి చూసే పుస్తకం అదే. రాప్సన్ ముందు ఈ సింహపు నాణేలున్నాయి. వాటి మీద ‘సకసద’ అన్నట్టు కొన్ని అక్షరాలు కనిపించాయి. శాతవాహనుల్లో శకసేనుడనే రాజు ఒకడున్నాడని కణ్హేరి గుహల శాసనాల వల్ల తెలుసు. అక్షరాలు దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఈ నాణేలను ఆయనకు ముడిపెట్టాడు. అప్పటికి చేతిలో ఉన్న ఆధారాలతో అంతకంటే చెప్పగలిగిందీ లేదు. అలా సద రాజులు చాలా కాలంపాటు శాతవాహనుల ఖాతాలో, మరొకరి పేరుతో ఉండిపోయారు.

వాళ్లను వాళ్ల పేరుతో నిలబెట్టిన చోటు వడ్డమాను. అమరావతికి దగ్గర్లో, తుళ్లూరు ప్రాంతంలో ఉన్న కొండ ఊరు. 1981 నుంచి 1985 వరకు బిర్లా పురావస్తు సాంస్కృతిక పరిశోధన సంస్థ తరఫున టి.వి.జి.శాస్త్రి అక్కడ తవ్వకాలు జరిపించారు. కొండ మీద స్తూపాలు, కట్టడాలు బయటపడ్డాయి. అక్కడ వర్ధిల్లింది జైనమని ఆయన అభిప్రాయం. దాన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. ఆ వాదన ఎటు తేలినా నాణేల విలువ తగ్గదు. ఎందుకంటే ఇవి బజారులో కొన్నవి కావు, ఎవరో తెచ్చి ఇచ్చినవి కావు. ఏ పొరలో, ఏ కుండపెంకుల సరసన ఉన్నాయో రాసుకుంటూ తీసినవి. వాటి మీద మహాసద, శివమకసద, మానసద, అశకసద అనే పేర్లు చదవడానికి వీలయింది. ఒక్క నాణెం మీద ఒక్క ‘సద’ కనిపిస్తే అనుమానించవచ్చు. ఒకే సింహం కింద వేర్వేరు పేర్లు వచ్చి, అన్నీ ‘సద’తోనే ముగుస్తుంటే అది వంశం కాక మరేమిటి?

నాణేల మీద పేర్లు కుదిరాక పాత రాళ్లు కొత్తగా మాట్లాడటం మొదలుపెట్టాయి. అమరావతి స్తూపం దగ్గర చాలాకాలం కిందటే దొరికిన ఒక రాత ఉంది. సిరి శివమకసద అనే రాజు కొలువులో పానీయశాల చూసుకునే ఉద్యోగి ప్రస్తావన అందులో ఉంది. పాత పండితులు ఈ శివమకసదను కూడా శాతవాహన రాజుల జాబితాలో ఎక్కడో ఒకచోట సర్దారు. వడ్డమాను నాణేలు వచ్చాక ఆ సర్దుబాటు అక్కర్లేకపోయింది. సత్తెనపల్లి ప్రాంతంలోని వేల్పూరు శాసనం మరో పేరు చెప్పింది: ఐర మానసద మహారాజు. ఇందులో ఖారవేలుడు వాడిన ‘ఐర’ బిరుదు ఉంది. గుంటుపల్లిలో ఆయన వాడిన ‘మహామేఘవాహన’ బిరుదు ఉంది. అంటే సద రాజులు తమను ఖారవేలుడి వంశంతో కలుపుకున్నారు. రక్తసంబంధమా, రాజకీయ వారసత్వమా అన్నది పండితులు ఇంకా తర్కిస్తున్న విషయం. కళింగ మహిషకాధిపతి అన్న బిరుదులోని మహిషకం ఏ ప్రాంతమన్నదీ తేలలేదు. గ్రీకు భూగోళ రచయిత టాలెమీ రెండో శతాబ్దంలో కృష్ణా ముఖద్వార ప్రాంతాన్ని మైసోలియా అన్నాడు. కొందరు ఆ రెంటినీ జోడిస్తారు.

ఇక్కడ ఒక్క విషయం దగ్గర కాసేపు ఆగాలి. సిరిసద పేరును రాతి మీద నిలిపింది రాజుగారి లేఖకుడు. శివమకసద పేరును నిలిపిన రాతలో ఉన్నది పానీయశాల ఉద్యోగి. మహారాజులు తమ దిగ్విజయాల గురించి వేయించిన ప్రశస్తి ఒక్కటీ మన దాకా రాలేదు. జీతానికి పనిచేసి, దాచుకున్న దాంట్లోంచి పుణ్యం కోసం దానం చేసి, తాము ఎవరి కొలువులో ఉన్నామో చెప్పుకున్న ఉద్యోగుల వల్ల ఆ ప్రభువులు మిగిలారు. వాళ్లకు తోడు సీసపు నాణేన్ని కొంగున కట్టుకుని సంతకు వెళ్లిన జనం. చరిత్రలో ఇంతకంటే పెద్ద న్యాయం నాకు కనిపించలేదు.

అచ్చం ఇలాంటి సాక్ష్యమే మధ్యప్రదేశ్‌లో, విదిశ దగ్గర బేస్‌నగర్‌లో ఉంది. తక్షశిల నుంచి వచ్చిన హీలియోడోరస్ అనే గ్రీకు రాయబారి వాసుదేవుడి గౌరవార్థం అక్కడ గరుడ స్తంభం నిలబెట్టాడు. తనను పంపిన రాజు పేరు అంతలికితుడని చెక్కించాడు. ఆ రాజు గ్రీకు పేరు ఆంటియాల్కిడస్. ఆయన నాణేలు వాయవ్య భారతంలో విరివిగా దొరుకుతాయి. నాణేలు రాజ్యాన్ని చూపించాయి, రాయబారి స్తంభం ఆయన కాలాన్నీ సంబంధాలనూ చూపించింది. తక్షశిల ప్రభువుకు హీలియోడోరస్ చేసిన మేలే సిరిసదకు చులగోముడు చేశాడు.

బాక్ట్రియా, గాంధారం, పంజాబు ప్రాంతాలను ఏలిన గ్రీకు రాజులు నలభైమందికి దగ్గరగా ఉంటారు. గ్రంథాలు పేరుపెట్టి చెప్పినవాళ్లు పదిమందికి మించరు. మన బౌద్ధ గ్రంథం మిళిందపన్హలో నాగసేన భిక్షువును ప్రశ్నలడిగిన మినాండర్ ఆ కొద్దిమందిలో ఒకడు. మిగతావాళ్లంతా నాణేల రాజులే. ఈ విద్య ఎంత చిన్నగా మొదలైందో తలచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. 1738లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో బేయర్ అనే పండితుడు, చేతికందిన కొద్దిపాటి నాణేలూ పాత గ్రంథాల్లోని తునకలూ కలిపి బాక్ట్రియా గ్రీకుల చరిత్ర రాశాడు. అప్పటి నుంచి ఒక్కొక్క నాణెం బయటపడేకొద్దీ ఒక్కొక్క రాజు లేచి వచ్చాడు.

అగాథోక్లీస్ సంగతే చూడండి. తనకు ముందటి రాజుల పేరిట ఆయన స్మారక నాణేలు వేయించాడు. అలెగ్జాండర్, డయోడోటస్, యూథిడెమస్, డిమిట్రియస్, పాంటలియాన్ అందులో ఉన్నారు. తన ఏలుబడికి బలం చాలనప్పుడు పెద్దల పేర్లు చెప్పుకోవడం ఏ దేశపు రాజుకైనా అలవాటే. సద రాజులు మహామేఘవాహన బిరుదును పట్టుకోవడంలోనూ అదే ఆలోచన ఉండవచ్చు. 1970లో అఫ్గానిస్తాన్ ఉత్తర సరిహద్దున ఐ ఖానుమ్ అనే గ్రీకు నగరపు శిథిలాల్లో ఫ్రెంచి పురావస్తు బృందానికి ఒక నిధి దొరికింది. 677 విద్ధాంక (గుర్తులు గుద్దిన) నాణేలు, వాటితో అగాథోక్లీస్ వెండి నాణేలు ఆరు. పలకలుగా ఉన్న ఆ ఆరింటి మీద ఒకవైపు చక్రం పట్టిన వాసుదేవుడు, మరోవైపు నాగలి పట్టిన సంకర్షణుడు. కృష్ణ బలరాముల రూపాల్లో తేదీ గట్టిగా చెప్పగలిగిన తొలి రూపాలు ఇవే. ఏ గ్రంథానికీ అక్కరకు రాని ఒక చిన్న రాజు నాణెం వైష్ణవ చరిత్రకే పునాదిరాయి అయింది.

ఆ గ్రీకు రాజుల్లో యూక్రటిడెస్ అనే మరో రాజు బంగారు నాణెం పారిస్‌లో ఉంది. బరువు సుమారు 169 గ్రాములు. ప్రాచీన ప్రపంచం వేసిన బంగారు నాణేల్లో దానంత బరువైనది మరొకటి మిగల్లేదు. చూడటానికి అద్భుతం. అయితే యూక్రటిడెస్ గురించి గ్రీకు, లాటిన్ పుస్తకాలు ముందే చెప్పాయి. చరిత్రకు కొత్తగా ఇచ్చినదాన్ని బట్టి తూకం వేస్తే వడ్డమాను సీసపు నాణేనిదే బరువు ఎక్కువ. అది లేకపోతే తీరాంధ్రలో ఒక వంశమే లేదు.

నాణెం మీద రాజు పేరుంటే సరిపోదు. ఆయన ఎవరి తర్వాత వచ్చాడో ఎలా తెలుస్తుంది? దానికి కొన్ని దారులున్నాయి. అక్షరాల వంపు కాలంతో మారుతుంది. లోహం మారుతుంది, బరువు తగ్గుతుంది. ఒకే కుండలో ఎవరెవరి నాణేలు కలిసి దొరికాయో చూస్తారు. అన్నిటికంటే గట్టి సాక్ష్యం, పాత నాణెం మీదే కొత్త రాజు తన అచ్చు కొట్టించడం. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. క్షహరాత రాజు నహపానుడివి. వాటిలో మూడింట రెండు వంతుల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తు కొట్టించాడు. నహపానుణ్ణి ఓడించినవాడు గౌతమీపుత్రుడేనని ఆ కుండ తేల్చింది. 1939లో అకోలా ప్రాంతంలోని తర్హాళలో దొరికిన నిధి మరో రకం. అందులో కుంభ శాతకర్ణి, కర్ణ శాతకర్ణి, శక శాతకర్ణి అనే పేర్లున్నాయి. పురాణాల శాతవాహన జాబితాల్లో ఈ పేర్లు లేవు.

తెలంగాణలోనూ ఇలాంటి రాజులున్నారు. గోదావరిలో పెద్దవాగు కలిసేచోట కోటిలింగాల ఉంది. అక్కడ దొరికిన నాణేల మీద గోభద, నారన, కంవాయ, సమగోప అనే రాజుల పేర్లు చదివి, శాతవాహనులకు ముందు ఆ తీరాన్ని ఏలినవాళ్లు వీళ్లని పి.వి.పరబ్రహ్మశాస్త్రి వెల్లడించారు. అదే చోట శాతవాహన మూలపురుషుడు ఛిముకుడి నాణేలూ దొరకడంతో, శాతవాహనుల తొలి కాలం గురించి అప్పటిదాకా ఉన్న ఆలోచనే మారింది. ఆ తర్వాత 1979 నుంచి కొన్నేళ్లపాటు వి.వి.కృష్ణశాస్త్రి నేతృత్వంలో అక్కడ తవ్వకాలు జరిగాయి. ఇంత జరిగినా సమగోపుడి పేరు చెప్పగల డిగ్రీ విద్యార్థులు ఎందరున్నారు? ఇది విద్యార్థుల తప్పు కాదు. వాళ్ల ముందు పెట్టని పేరు వాళ్లకెలా తెలుస్తుంది?

సీసమే ఎందుకన్న ప్రశ్న శ్రోతలకు వచ్చే ఉంటుంది. రోమన్ రచయిత ప్లినీ, భారతదేశంలో సీసం లేదనీ, ముత్యాలూ రత్నాలూ ఇచ్చి దాన్ని కొనుక్కుంటారనీ రాశాడు. ఎర్రసముద్రపు ఓడ వర్తకం గురించి ఒక గ్రీకు నావికుడు రాసిన పెరిప్లస్‌లోనూ పశ్చిమ తీరపు రేవులకు దిగే సరుకుల్లో సీసం ఉంది. అలాగని ప్లినీ మాట పూర్తిగా నిజం కాదు. పల్నాటి వైపు అగ్నిగుండాల ప్రాంతంలో సీసపు ఖనిజముంది. మన కాలంలోనూ అక్కడ గని తవ్వారు. ఏదేమైనా పెద్ద చెల్లింపులకు వెండి వాడుకలో ఉండగా, ఉప్పుకూ పప్పుకూ చిల్లర కావాలి. ఆ చిల్లర సీసంతో వచ్చింది. దాన్ని బట్టి క్రీస్తు శకం తొలి రోజుల్లో కృష్ణా గోదావరుల నడుమ రోజువారీ కొనుగోళ్లు నాణేలతో సాగేంత వర్తకం ఉందని అర్థమవుతుంది.

అయితే సీసానికి ఒక గండం ఉంది. 327 డిగ్రీల వేడికే కరిగిపోతుంది. కట్టెల పొయ్యి చాలు. దొరికిన సీసపు బిళ్లలు కరిగించి మరేదైనా పోసుకోవడం ఎంత తేలికో ఆలోచించండి. బంగారు నాణెం దొరికితే కనీసం బంగారమని దాస్తారు. సీసపు నాణేన్ని రాయనుకుని పారేస్తారు, లేదా కరిగిస్తారు. మనకు మిగిలినవి ఎన్నో, పోయినవి ఎన్నో లెక్క చెప్పడం ఎవరి తరమూ కాదు.

క్రీస్తు శకం రెండో శతాబ్దంలో వాసిష్ఠీపుత్ర పులోమావి శాసనం అమరావతిలో కనిపిస్తుంది. తీరం శాతవాహనుల చేతికి వెళ్లింది. సదల పేరు ఆగిపోతుంది. యుద్ధంలో ఓడారో, సామంతులై కలిసిపోయారో చెప్పే రాత ఇంతవరకు దొరకలేదు. అది దొరికితే ఈ నేలలోనే దొరకాలి. అమరావతి, వడ్డమాను ఒకవైపు, గుంటుపల్లి మరోవైపు. నూజివీడు ఆ రెంటి మధ్య ఉంది. కొల్లేటికి ఎగువన, పెదవేగికి పడమర. శాలంకాయనుల రాజధాని అయిన పెదవేగిలో తవ్వకాలు జరిగాయి. నూజివీడు చుట్టుపక్కల మాత్రం ప్రతి ఏడూ తవ్వేది తోట రైతులే. మామిడి అంటు నాటాలంటే మీటరు లోతు, మీటరు వెడల్పు గుంత తియ్యాలి. బోరు వేస్తారు, చెరువు పూడిక తీస్తారు, గ్రావెల్ కోసం గుట్టలు తొలుస్తారు. జేసీబీ బకెట్టు ఒక్క గంటలో ఎత్తిపోసే మట్టి, పురావస్తు బృందం ఒక కాలమంతా పొరలు పొరలుగా తీసే మట్టితో సమానం.

కాబట్టి తోటలున్న శ్రోతలకు, జేసీబీలు నడిపే శ్రోతలకు ఒక మనవి. గుంత తీసేటప్పుడు పెద్ద పెద్ద పాతకాలపు ఇటుకలు, నల్లటి ఎర్రటి కుండపెంకులు, తెల్లటి పొర కట్టిన బరువైన చిన్న బిళ్లలు కనిపిస్తే అక్కడితో పని ఆపండి. బిళ్లను చింతపండుతో తోమకండి, ఇసుకతో రుద్దకండి. అక్షరాలు ఆ పై పొరలోనే ఉండవచ్చు, రుద్దితే పేరుతో సహా పోతుంది. సీసం ఒంటికి మంచిది కాదు కాబట్టి పిల్లల చేతికివ్వకండి. పక్కన ఒక రూపాయి నాణెం పెట్టి ఫోటో తీయండి. ఎంత లోతులో, ఏ మూల దొరికిందో సర్వే నంబరుతో కాగితం మీద రాయండి. దొరికిన చోటు తెలియని నాణెం సగం మూగది. వడ్డమాను నాణేలు ఇంత చెప్పగలిగాయంటే వాటి చోటు తెలిసినందువల్లే.

భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం చెబుతోంది. దాచిపెట్టడం నేరం. తహసీల్దారు కార్యాలయంలో చెప్పినా, పురావస్తు శాఖ దృష్టికి తెచ్చినా కబురు చేరుతుంది. తోట లాక్కుంటారన్న భయంతో చాలామంది నోరు మెదపరు. ఒక్క నాణెం దొరికినంత మాత్రాన తోట పోదు. ఆ భయం పోగొట్టేలా గ్రామసభల్లో చెప్పాల్సిన బాధ్యత అధికారులది.

ఉపాధ్యాయులకు ఇంకో మాట. ఈసారి విహారయాత్రకు పిల్లలను దూరాలు తీసుకెళ్లే ముందు గుంటుపల్లి చూపించండి. వెళ్లేముందు బోర్డు మీద ఐదారు బ్రాహ్మీ అక్షరాలు రాసి నేర్పండి. ‘సిరిసద’ అని రాయడానికి నాలుగు అక్షరాలు చాలు, అందులో ‘స’ హల్లు రెండుసార్లు వస్తుంది. నూజివీడులో ట్రిపుల్ ఐటీ ఉంది. అరిగిన రాతి మీది, నాణేల మీది అక్షరాలను వేర్వేరు వెలుతురులో ఫోటోలు తీసి, కంప్యూటరు సాయంతో స్పష్టం చేసే పని అక్కడి విద్యార్థులు చేతికెత్తుకోదగినది. సద రాజుల్లో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది ఇంకా తేలలేదు. తేల్చగల నాణెం మీ తోటలో కనిపిస్తే, దయచేసి ఆ రోజే తహసీల్దారుకు చెప్పండి.